దోమ సంగతి తెలియని కాలంలో చైనా వైద్యులు మలేరియాను ఏమనుకున్నారు?

పాడేరు పంతులు (ఆదివారం, రాత్రి 8:50)

సభ్యులందరికీ నమస్కారం. నేను అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయుడిని. మొన్న శ్రావణంలో నాకు ఫాల్సిపారం మలేరియా వచ్చింది. ఆరోగ్య కేంద్రంలో వేలికి సూది గుచ్చి కిట్టుతో పరీక్ష చేసి, మూడు రోజులకు మాత్రలు ఇచ్చారు. రెండో రోజు సాయంత్రానికే జ్వరం దిగిపోయింది. అట్ట మీద ఆర్టిసునేట్ అని రాసి ఉండడంతో ఆ పేరు పట్టుకొని చదువుతూ పోయాను. ఆ మందుకు మూలం చైనా సంప్రదాయ వైద్యంలో వాడిన ఒక మొక్క అని అప్పుడు తెలిసింది. నా సందేహం అక్కడే మొదలైంది. రక్తంలో పరాన్నజీవి ఉంటుందని గాని, దోమ దానిని మోస్తుందని గాని తెలియని ఆ వైద్యులు ఈ జబ్బుకు ఏ కారణం చెప్పుకొన్నారు? ఏ ఆలోచనతో ఆ మొక్క దగ్గరికి వెళ్ళారు? మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ మన్యం నీళ్ళు పడలేదని, చెడుగాలి సోకిందని అంటారు. చైనాలోనూ అలాగే అనుకున్నారా? నేను మందు అడగడం లేదు. తెలిసినవారు వివరిస్తారని ఆశిస్తున్నాను.

యునాన్ వైద్యుడు (ఆదివారం, రాత్రి 10:35)

పంతులు గారూ, నేను ఎంబీబీఎస్ చైనాలోని యునాన్ రాష్ట్రంలో చదివాను. అక్కడ విదేశీ విద్యార్థులకు కూడా చైనా సంప్రదాయ వైద్యం ఒక పాఠ్యాంశంగా ఉండేది. మొదట్లో దానిని పరీక్ష గట్టెక్కడానికే చదివినా, మలేరియా అధ్యాయం మాత్రం మనసుకు పట్టింది.

వాళ్ళు ఈ జబ్బును ‘న్యుయె’ అన్నారు. క్రీస్తుపూర్వం 2వ, 1వ శతాబ్దాల నాటికి రూపుదిద్దుకొన్నదని పండితులు భావించే ‘హ్వాంగ్‌దీ నెయ్‌జింగ్’ అనే వైద్య గ్రంథంలో ఈ ఒక్క జబ్బుకు రెండు అధ్యాయాలు కేటాయించారు. ఒకటి కారణాలను చర్చిస్తుంది, రెండోది సూదులతో చేసే చికిత్సను చెబుతుంది. చక్రవర్తి అడుగుతూ ఉంటే వైద్యుడు జవాబిచ్చే సంభాషణగా ఆ గ్రంథం నడుస్తుంది. జ్వరం వచ్చే తీరును వాళ్ళు వర్ణించిన వరుస చూడండి: ముందు ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, ఆవలింతలూ ఒళ్ళు విరుపులూ వస్తాయి, దవడలు కొట్టుకొనేంత వణుకు పుడుతుంది, నడుమూ వెన్నూ నొప్పెడతాయి. ఆ చలి వదలగానే లోపలా బయటా మంట పుట్టి, తల పగిలిపోతున్నట్లుండి, చల్లటి నీళ్ళ కోసం ప్రాణం లాగుతుంది. మీకు వచ్చిన జ్వరం ఇలాగే ఉందో లేదో మీరే చెప్పాలి.

ఇక కారణం. అక్కడి వైద్యంలో శరీరాన్ని నడిపే సూక్ష్మశక్తికి ‘ఛి’ అని పేరు. (ఈ పేరును తెలుగులో రాసిన ప్రతిసారీ ఎవరినో చీదరించుకొన్నట్లు ఉంటుంది కాబట్టి ఇకమీద శక్తి అనే రాస్తాను.) వేసవిలో తగిలిన ఎండవేడి చర్మానికీ పేగులకూ నడుమ దాగి ఉంటుంది. శరత్కాలం వచ్చాక చెమట పట్టిన ఒంటికి గాలి సోకినా, స్నానపు నీటి చెమ్మ ఒంట్లో నిలిచినా ఆ దోషం మేలుకొని, శరీరానికి కావలి కాసే రక్షకశక్తితో కలుస్తుంది. రక్షకశక్తి పగలు బయటి భాగాలలోనూ రాత్రి లోపలి భాగాలలోనూ తిరుగుతుందని వాళ్ళ లెక్క. దోషమూ రక్షకశక్తీ ఎదురుపడినప్పుడల్లా చల్లని గుణమైన యిన్, వేడి గుణమైన యాంగ్‌ల మధ్య పెనుగులాట జరుగుతుంది. యిన్‌ది పైచేయి అయితే చలి, యాంగ్‌ది పైచేయి అయితే మంట. రెండూ విడిపోతే జ్వరం విడుస్తుంది.

ఇంతవరకు ఏ ప్రాచీన వైద్యమైనా చెప్పగలిగేదే. అసలు విశేషం దాని తరువాత ఉంది. జ్వరం ఒకరికి రోజూ, మరొకరికి రోజు విడిచి రోజూ ఎందుకు వస్తుందని చక్రవర్తి అడుగుతాడు. కొందరిలో రోజురోజుకూ ఎందుకు ఆలస్యమవుతుందని కూడా అడుగుతాడు. రక్షకశక్తి మెడ పైభాగాన ఒక చోట దోషాన్ని కలుస్తుందని, ఆ చోటు రోజుకొక వెన్నుపూస చొప్పున కిందికి జరుగుతుందని, అందుకే జ్వరం నిన్నటికంటే నేడు ఆలస్యంగా వస్తుందని వైద్యుడు బదులిస్తాడు. దోషం మరీ లోతున, అవయవాల దగ్గరి పొరల్లో దాగితే ఒక్క రోజులో బయటికి రాలేదు కాబట్టి రోజు విడిచి రోజు వస్తుందట. దోషానికి ఒక చిరునామా ఉందని, దానికీ రక్షకశక్తికీ కలిసే వేళ ఉందని, ఆ వేళను బట్టి జ్వరం వస్తుందని వాళ్ళు లెక్క కట్టారు. చిరునామా తప్పు. కాని ఒంట్లో ఏదో గడియారం నడుస్తోందని గుర్తించారు.

పాత స్లైడు (సోమవారం, ఉదయం 6:20)

నేను మలేరియా శాఖలో ప్రయోగశాల సాంకేతికుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. పై సందేశంలోని గడియారం సంగతికి సూక్ష్మదర్శిని కింద మేము చూసేది జోడిస్తాను.

మలేరియా పరాన్నజీవి ప్లాస్మోడియం ఎర్ర రక్తకణంలో చేరి, ఉంగరం ఆకారం నుంచి పెద్దదై, ముక్కలుగా విడిపోయి, కణాన్ని పగలగొట్టుకొని బయటికి వస్తుంది. చలీ జ్వరమూ మొదలయ్యేది కణాలు ఒక్కసారిగా పగిలినప్పుడే. వైవాక్స్‌లో ఈ చక్రం 48 గంటలకు పూర్తవుతుంది, మలేరియే అనే రకంలో 72 గంటలు పడుతుంది. ఫాల్సిపారంలోనూ సుమారు 48 గంటలే గాని, పరాన్నజీవులన్నీ ఒకే అడుగు వేయవు కాబట్టి జ్వరం తెరిపి లేకుండా, వేళాపాళా లేకుండా కాస్తుంది. రెండు తరాల వైవాక్స్ పరాన్నజీవులు ఒకదాని తరువాత ఒకటి నడుస్తుంటే జ్వరం రోజూ వస్తుంది. ఆ చైనా గ్రంథం రోజూ వచ్చేది, రోజు విడిచి వచ్చేది అని విడదీసిందంటే, ఎంతోమంది రోగుల పక్కన రోజుల తరబడి కూర్చొని గమనించినవారు రాసిందే అయి ఉండాలి. స్లైడు లేకుండా అంతకంటే ఎవరూ చెప్పలేరు.

అల్లోపతిలోనూ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో ఆ పరాన్నజీవిని చూసేదాకా అది మనిషి నుంచి మనిషికి ఎలా చేరుతుందో ఎవరూ రుజువు చేయలేకపోయారు. పూర్వం ఇటలీ వాళ్ళదీ చెడుగాలి మాటే. మలేరియా అనే పదానికి అర్థమే అది.

ఆయుర్వేదిని (సోమవారం, ఉదయం 9:15)

ఇక్కడ మన వైద్యాన్ని కూడా పక్కన పెట్టి చూడడం అసందర్భం కాదనుకుంటాను. ఆయుర్వేదంలో విషమజ్వరాలను రోజుకొకసారి వచ్చే అన్యేద్యుష్కం, రోజు విడిచి వచ్చే తృతీయకం, రెండు రోజులు విడిచి వచ్చే చాతుర్థకం అని విభజించారు. విత్తనం నేలలో పడి ఉండి కాలం వచ్చినప్పుడు మొలకెత్తినట్లే, దోషం ధాతువులో దాగి ఉండి తన కాలం వచ్చినప్పుడు ప్రకోపిస్తుందని చరక సంహిత చికిత్సాస్థానం చెబుతుంది. యునాన్ వైద్యుడు గారు వివరించిన, వేసవిలో దాగి శరత్తులో మేలుకొనే ఎండవేడికి ఇది చాలా దగ్గరి ఊహ.

అయితే ఒక మనవి. ఛి అంటే ప్రాణమని, యిన్-యాంగ్ అంటే కఫపిత్తాలని తేలిగ్గా అనువదించేసుకోవద్దు. ఆయుర్వేదంలో దోషం ధాతువులలో ఉంటుంది, ఏ ధాతువులో ఎంత లోతున ఉంటే అంత వ్యవధి. నెయ్‌జింగ్ లెక్కలో రెండు కదిలేవి ఎప్పుడు, ఎక్కడ ఎదురుపడతాయన్నదే ప్రధానం. పైకి ఒకేలా కనిపించినా లోపలి తర్కం వేరు.

సందేహి (సోమవారం, మధ్యాహ్నం 1:40)

అందరూ మెచ్చుకుంటున్న వేళ అడ్డుపడుతున్నందుకు మన్నించాలి. గమనించడం వేరు, నయం చేయడం వేరు. వెన్నుపూసల మీద రోజుకొక మెట్టు దిగే శక్తి కథ ఎంత అందంగా ఉన్నా దానితో ఒక్క రోగి బతికాడా అన్నది నా ప్రశ్న.

దీనికి చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉంది. 1693లో చైనా చక్రవర్తి కాంగ్‌షీకి చలిజ్వరం (మలేరియా) వచ్చింది. దేశంలో అంతకంటే మంచి వైద్యులు దొరకని ఆస్థానం ఆయనది. ఆ వైద్యుల మందులతో తగ్గని జ్వరం, ఫ్రాన్సు నుంచి వచ్చిన జెసూట్ ఫాదరీలు ఇచ్చిన సింకోనా బెరడుతో తగ్గింది. సింకోనా దక్షిణ అమెరికా చెట్టు, క్వినైన్ దానిలోదే. చక్రవర్తి సంతోషించి వాళ్ళకు బీజింగ్‌లో స్థలం ఇస్తే వాళ్ళు అక్కడ చర్చి కట్టుకున్నారు. ఆర్టిసునేట్ మాత్రకు మూలపదార్థమైన ఆర్టిమిసినిన్ ఉన్న మొక్క వెయ్యేళ్ళకు పైగా వాళ్ళ గ్రంథాలలో ఉంటే, స్వయంగా చక్రవర్తి వణుకుతున్నప్పుడు దానిని ఎందుకు పిండి తాగించలేదు? దీనికి సూటిగా జవాబు చెప్పగలిగితే తప్ప, ఆధునిక మందు ఘనతను సంప్రదాయ సిద్ధాంతానికి కట్టబెట్టడం న్యాయం కాదు.

యునాన్ వైద్యుడు (సోమవారం, రాత్రి 9:05)

సందేహి గారూ, ఇది అడగవలసిన ప్రశ్నే. జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది.

ఆ మొక్క పేరు ఛింగ్‌హావ్. దాని పేరు కనిపించే అతి పాత రాత చాంగ్షా దగ్గర మావాంగ్‌దుయ్ సమాధిలో 1973లో బయటపడిన పట్టువస్త్రాల మీది వైద్య గ్రంథం. ఆ సమాధిని మూసింది క్రీస్తుపూర్వం 168లో. అందులో ఛింగ్‌హావ్‌ను చెప్పింది చలిజ్వరానికి కాదు, మూలవ్యాధికి. తరువాతి మూలికా గ్రంథంలో గజ్జికి, దురదకు, పేలకు చెప్పారు. చలిజ్వరానికి దానిని మొదట చెప్పినట్లు దొరుకుతున్నది క్రీస్తుశకం 4వ శతాబ్దంలో గె హోంగ్ రాసిన అత్యవసర చికిత్సల పుస్తకంలో. దగ్గరలో వైద్యుడు లేనివాడు చొక్కా చేతిలో దాచుకొని తిరగడానికి పనికివచ్చే చిట్కాల పుస్తకం అది. అందులో చలిజ్వరానికి నలభైకి పైగా యోగాలు (మందు తయారుచేసే విధానాలు) ఉంటే వాటిలో ఇది ఒకటి: గుప్పెడు ఛింగ్‌హావ్‌ను రెండు కొలతల నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసమంతా తాగాలి. అంతే. ఇందులో యిన్ లేదు, యాంగ్ లేదు, వెన్నుపూస లేదు.

ఆస్థాన వైద్యులు అలాంటి ఒంటి మూలిక చిట్కాను చక్రవర్తికి ఇచ్చేవారు కాదు. చదువుకొన్న వైద్యుడి పని నాడి పట్టి, నాలుక చూసి, దోషం ఏ పొరలో ఉందో తేల్చి, దానికి తగిన మిశ్రమాన్ని రాయడం. చలీ వేడీ మారిమారి వస్తే దోషం సగం బయటా సగం లోపలా ఉందని అర్థం చేసుకొని, చైహు వేరు ప్రధానంగా ఉండే కషాయం ఇచ్చేవారు. ఛింగ్‌హావ్‌కు ఆ సిద్ధాంతంలో దొరికిన స్థానం వేరు: ఎముకల లోపల ఆవిరి పట్టినట్లుండే దీర్ఘజ్వరాన్ని చల్లార్చే మూలిక అది. 1798 నాటి ఒక ప్రసిద్ధ యోగంలో దానిని నదీతాబేలు చిప్పతో కలిపి, రాత్రి కాసి తెల్లవారితే చల్లబడే జ్వరానికి ఇచ్చారు. అదీ మరగబెట్టిన కషాయమే.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది: సిద్ధాంతం ఆ మొక్కను దాచింది, పాత పుస్తకాన్ని పారేయని అలవాటు దానిని నిలబెట్టింది. 16వ శతాబ్దంలో లీ షిజెన్ తన బృహత్ మూలికా గ్రంథంలో గె హోంగ్ యోగాన్ని మళ్ళీ ఎత్తి రాయకపోయి ఉంటే, తరువాత వెతికినవాళ్ళకు అది అంత తేలిగ్గా కనబడేది కాదు. ఘనతను మూడు వాటాలు వేసి చూడాలంటాను. జబ్బును గమనించిన వాటా పెద్దది. యోగాన్ని భద్రపరచిన వాటా ఇంకా పెద్దది. కారణం చెప్పిన సిద్ధాంతం వాటా, ఈ మందు వరకు, దాదాపు సున్న.

ఆయుర్వేదిని (సోమవారం, రాత్రి 9:50)

సున్న అనడం తొందరపాటు. జ్వరం పతాకస్థాయిలో ఉన్నప్పుడు సూది వేయవద్దని, చెమటలు కారుతున్నప్పుడు వేయవద్దని, దాడి మొదలుకాక మునుపే వేయాలని నెయ్‌జింగ్ చెబుతుంది కదా. ఎప్పుడు చికిత్స చేయాలన్న ఆ వివేకం సిద్ధాంతం నుంచి వచ్చిందే.

యునాన్ వైద్యుడు (సోమవారం, రాత్రి 10:10)

ఒప్పుకుంటున్నాను. మెడ కింది పెద్ద ఎముక దగ్గర, ముంజేతి లోపలి వైపు, దాడికి గంట రెండు గంటల ముందు సూదులు వేయాలని మాకు కూడా పాఠంలో చెప్పారు. అయితే ఆ సూదులతో రక్తంలోని పరాన్నజీవి చస్తుందని నేను నమ్మను. పాఠం చెప్పినాయన కూడా ముందు ఆర్టిసునేట్ ఇవ్వమనే చెప్పేవారు.

రసాయనశాల (మంగళవారం, ఉదయం 7:30)

హైదరాబాదులో మందుల తయారీ రంగంలో పనిచేసే రసాయన శాస్త్రజ్ఞుడిని. సందేహి గారి ‘ఎందుకు పిండి తాగించలేదు’ అన్న మాటలోని ‘పిండి’ అన్న పదం దగ్గరే ఈ కథ అంతా మలుపు తిరిగింది.

వియత్నాం యుద్ధకాలంలో ఉత్తర వియత్నాం సైనికులు క్లోరోక్విన్‌కు లొంగని మలేరియాతో కుప్పకూలుతుంటే వాళ్ళ ప్రభుత్వం చైనా సహాయం అడిగింది. 1967 మే 23న బీజింగ్‌లో సమావేశం జరిగింది. ఆ తేదీ మీదనే ఆ రహస్య పథకానికి 523 అని పేరు వచ్చింది. 1969లో బీజింగ్‌లోని సంప్రదాయ వైద్య అకాడమీకి చెందిన తు యుయు అందులో చేరారు. ఆమె చదివింది ఆధునిక ఔషధశాస్త్రం. తరువాత రెండున్నరేళ్ళ పాటు సంప్రదాయ వైద్యంలోనూ శిక్షణ పొందారు. ఆమె బృందం పాత గ్రంథాలనూ వైద్యులనూ గాలించి రెండు వేలకు పైగా యోగాలు పోగుచేసి, వాటిలో 640 యోగాలతో ఒక సంకలనం తయారుచేసింది. సుమారు 200 మూలికల నుంచి 380 సారాలు తీసి ఎలుకల మలేరియా మీద పరీక్షించారు. ఛింగ్‌హావ్ సారం మొదట బాగా పనిచేసినట్లే కనబడి, మళ్ళీ చేస్తే చతికిలబడింది.

అప్పుడు ఆమె గె హోంగ్ వాక్యాన్ని మళ్ళీ చదివారు. నానబెట్టి పిండమన్నాడు, మరగబెట్టమనలేదు. వేడికి అసలు పదార్థం చెడిపోతోందేమోనన్న అనుమానంతో, 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్‌ను ద్రావకంగా తీసుకొని, తక్కువ వేడిలో ఆకుల సారం తీసి, అందులోని ఆమ్లభాగాన్ని వేరుచేసి పారేశారు. 1971 అక్టోబరు 4న పరీక్షించిన 191వ నమూనా ఎలుకలలోని పరాన్నజీవులను పూర్తిగా తుడిచేసింది. 1972 జూలైలో ఆమె, మరో ఇద్దరు సహచరులు ముందు తమ మీదనే ఆ సారాన్ని ప్రయోగించుకున్నారు. ఆ తరువాతే హైనాన్ దీవిలో 21 మంది రోగులకు ఇచ్చారు. అదే ఏడాది నవంబరులో స్ఫటికాలు వేరుచేశారు. ఇది ఆమె ఒక్కరి పని కూడా కాదు. యునాన్, షాన్‌డోంగ్ బృందాలు ఇదే పదార్థాన్ని విడిగా వేరుచేశాయి, దాని నిర్మాణం తేల్చడంలో షాంఘై రసాయన శాస్త్రజ్ఞుల పాత్ర ఉంది, యునాన్‌లో మెదడుకు ఎక్కిన మలేరియా రోగులకు ఇచ్చి చూసింది లీ గువోచ్యావ్ బృందం.

పనిచేసే తీరు కూడా చెబుతాను. ఆర్టిమిసినిన్ అణువులో రెండు ఆక్సిజన్ పరమాణువులు పక్కపక్కనే ముడిపడిన పెరాక్సైడ్ వంతెన ఒకటి ఉంది. పరాన్నజీవి మన హిమోగ్లోబిన్‌ను తిని అరిగించుకొనేటప్పుడు ఇనుముతో కూడిన హీమ్ బయటపడుతుంది. ఆ ఇనుము తగలగానే వంతెన విరిగి, చురుకైన ముక్కలు పుట్టి, పరాన్నజీవి ప్రోటీన్లను కాల్చేస్తాయి. దాని భోజనమే దానికి నిప్పు పెడుతుందన్నమాట.

మొక్క పేరుతో ఇంకో చిక్కు ఉంది. పాత గ్రంథాలలో ఛింగ్‌హావ్ పేరుతో ఒకటికి మించిన మొక్కలు చలామణి అయ్యాయి. ఆర్టిమిసినిన్ ఉన్నది పసుపుపచ్చ పూల ఆర్టిమిసియా యాన్యువాలో, అదీ ముఖ్యంగా ఆకుల్లో, పూత రాక మునుపు. పేరు చూసి పక్క మొక్కను తెచ్చి, కొమ్మలతో సహా మరగబెట్టి తాగినవాడికి ఏమీ దక్కదు.

సందేహి (మంగళవారం, ఉదయం 11:20)

ఈ జవాబుతో నాకు పేచీ లేదు. 2015లో తు యుయుకు నోబెల్ బహుమతి ప్రకటించినప్పుడు, ఇది సంప్రదాయ వైద్యానికి ఇచ్చిన బహుమతి కాదని, దాని నుంచి ప్రేరణ పొందిన శాస్త్రానికి ఇచ్చినదని కమిటీ వాళ్ళు చెప్పినట్లు గుర్తు. ఆమె మాత్రం తన నోబెల్ ఉపన్యాసానికి, ఆర్టిమిసినిన్ చైనా సంప్రదాయ వైద్యం ప్రపంచానికి ఇచ్చిన కానుక అనే శీర్షిక పెట్టుకున్నారు. పాత యోగాన్ని నమ్మి ఆగిపోక, అది ఎందుకు విఫలమవుతోందని అడిగినందుకే ఆమెకు మందు దొరికింది.

పాత స్లైడు (మంగళవారం, సాయంత్రం 5:00)

నాకు ఆసక్తి కలిగించేది బల్ల, అంటే మలేరియాతో ఉబ్బిన ప్లీహం. మన్యంలో సర్వేకు వెళ్ళినప్పుడు పిల్లల పొట్ట ఎడమవైపు డొక్క కింద చేత్తో నొక్కి ప్లీహం తగులుతోందా అని చూసి లెక్క రాసేవాళ్ళం. పదేపదే మలేరియా వచ్చిన ఊళ్ళలో చాలామంది పిల్లలకు అది గట్టిగా, పలకలా తగిలేది. తెలుగులో బల్ల అన్న పేరు అలాగే వచ్చి ఉంటుంది. చైనావాళ్ళు దీనిని గుర్తించారా?

యునాన్ వైద్యుడు (మంగళవారం, రాత్రి 8:45)

గుర్తించడమే కాదు మాస్టారూ, దానికి ‘న్యుయె మూ’ అని పేరు పెట్టారు. మూ అంటే తల్లి. చలిజ్వరపు తల్లి అన్నమాట. హాన్ వంశపాలన చివరి రోజుల వైద్యుడు ఝాంగ్ ఝోంగ్‌జింగ్ చెప్పినది దాదాపు ఇలా ఉంటుంది: నెల మొదటి రోజున మొదలైన చలిజ్వరం పదిహేనో రోజుకు నయం కావాలి, కాకపోతే నెలాఖరుకు కావాలి. అప్పటికీ కాకపోతే అది గడ్డకట్టిందని, ఆ గడ్డే జ్వరపు తల్లి అని, వెంటనే చికిత్స చేయాలని అర్థం. దానికి తాబేలు చిప్ప ప్రధానంగా ఇరవైకి పైగా సరుకులతో ఒక గుళిక చెప్పాడు. గట్టిదాన్ని మెత్తబరిచే గుణం ఆ చిప్పకు ఉందని వాళ్ళ నమ్మకం. ఫలితం సంగతి అలా ఉంచితే, ఎడతెగని జ్వరానికీ డొక్క కింది గడ్డకూ సంబంధం ఉందని క్రీస్తుశకం 3వ శతాబ్దం నాటికే గుర్తించడం చిన్న విషయం కాదు.

పంతులు గారి గాలి-నీటి ప్రశ్నకు ఇంకా జవాబు ఇవ్వలేదు. అవును, చైనాలోనూ అదే మాట. దక్షిణాది అడవుల నుంచి లేచే విషపు ఆవిరిని ‘ఝాంగ్’ అన్నారు. ఉత్తరాది అధికారులకు దక్షిణానికి బదిలీ అంటే సగం మరణశిక్ష. మా యువాన్ అనే సేనాని క్రీస్తుశకం 42-43లో ఇప్పటి ఉత్తర వియత్నాం మీదికి దండెత్తి తిరిగి వస్తే, సైన్యంలో పదింట నాలుగైదు వంతులు ఝాంగ్ జబ్బులతో పోయారని చరిత్ర గ్రంథం చెబుతుంది. ఆ ఆవిరికి విరుగుడని అతడు యియి అనే ధాన్యపు గింజలు తిని, విత్తనానికని ఒక బండెడు వెంట తెచ్చుకుంటే, గిట్టనివాళ్ళు అవి ముత్యాలని చాడీలు చెప్పారు. అలాగే దక్షిణాదివాళ్ళు ఝాంగ్ సోకకుండా వక్క నమిలేవారు. వక్క వైద్యంలోకి కూడా వచ్చింది. 1642లో వూ యోషింగ్ అంటురోగాల మీద రాసిన గ్రంథంలోని ఒక కషాయంలో వక్కే ముందుంటుంది. ఆయన ప్రత్యేకించి మలేరియా గురించి రాయలేదు గాని, తరువాతివారు ఆ కషాయాన్ని చలిజ్వరాలకు కూడా వాడారు.

రసాయనశాల (మంగళవారం, రాత్రి 10:30)

వక్క మాట వచ్చింది కాబట్టి, అది నోటి క్యాన్సరు కారకమని గుర్తుంచుకోండి.

ఛాంగ్‌షాన్ గురించి ఎవరూ రాయలేదు. ఛింగ్‌హావ్ కంటే చైనా వైద్యులు చలిజ్వరానికి ఎక్కువగా నమ్ముకొన్నది ఆ వేరునే. మలేరియాపై అది నిజంగా పనిచేస్తుంది. 1940లలో యుద్ధం వల్ల క్వినైన్ కరువై చైనా శాస్త్రజ్ఞులు దానిని పరీక్షించారు, దానిలోని ఫెబ్రిఫ్యుజిన్ క్వినైన్ కంటే ఎన్నో రెట్లు బలమైనదని తేలింది. చిక్కల్లా ఒక్కటే: తాగినవాడు ఆగకుండా వాంతి చేసుకుంటాడు. ఇక్కడ సిద్ధాంతం చేసిన పని చూడండి. కఫం లేనిదే చలిజ్వరం లేదని వాళ్ళ సూత్రం, కాబట్టి వాంతి కావడం అంటే కఫం బయటికి పోవడమే, అంటే మందు పనిచేస్తున్నట్లే. దుష్ప్రభావాన్నే నివారణగా చదువుకున్నారు. అయినా అనుభవం మీద ఆ వేరును సారాలో వేయించి వాడితే వాంతులు తగ్గుతాయని కూడా కనిపెట్టారు. దాని నుంచి పుట్టిన హాలోఫ్యుజినోన్ ఈనాడు కోళ్ళకు వచ్చే కాక్సిడియోసిస్ అనే పరాన్నజీవి రోగానికి మేతలో కలిపే మందు. కోళ్ళ ఫారాలు నడిపేవాళ్ళకు ఆ పేరు తెలిసే ఉంటుంది.

వేదిక నిర్వాహకులు (బుధవారం, ఉదయం 8:00)

ఆర్టిమిసియా ఆకుల టీ మోతాదు చెప్పమని ఇద్దరు సభ్యులు అడిగారు. ఆ సందేశాలను తొలగించాం. కారణం తెలిసినవారు వివరిస్తే బాగుంటుంది.

రసాయనశాల (బుధవారం, ఉదయం 9:40)

వివరిస్తాను. ఆర్టిమిసినిన్ నీటిలో సరిగా కరగదు, మొక్క మొక్కకూ దాని పాళ్ళు మారతాయి. తాజా ఆకును నానబెట్టి పిండిన రసంలో టీలో కంటే చాలా ఎక్కువ దిగుతుందని ప్రయోగాలలో తేలిన మాట నిజమే, గె హోంగ్‌కు ఆ గౌరవం దక్కాలి. కాని ఒంట్లోకి వెళ్ళాక ఈ జాతి మందులు కొద్ది గంటల్లోనే విరిగిపోతాయి. చాలీచాలని మోతాదు తాగితే జ్వరం తగ్గినట్లే తగ్గి, మిగిలిన పరాన్నజీవులతో మళ్ళీ లేస్తుంది. మందుకు లొంగని రకాలు పెరిగేది కూడా అలాగే. పశ్చిమ కంబోడియాలో ఆ ప్రమాదం ఇప్పటికే కళ్ళబడింది. అందుకే ఈ మందును ఒంటరిగా మింగే మాత్రలుగా అమ్మవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లోనే కోరింది. పంతులు గారికి ఇచ్చిన అట్టలో కూడా ఆర్టిసునేట్‌తో పాటు ఒంట్లో ఎక్కువ కాలం నిలిచే మరో మందు ఉండి ఉంటుంది.

ఆయుర్వేదిని (బుధవారం, మధ్యాహ్నం 12:15)

మందును ఒంటరిగా పంపకూడదన్నది చైనా యోగాల సూత్రం కూడా. ప్రతి యోగంలోనూ రాజు, మంత్రి, సహాయకుడు, దూత అని మూలికలకు హోదాలు ఉంటాయి. పోలికకు చెబుతున్నాను, రుజువుగా కాదు.

పాడేరు పంతులు (బుధవారం, రాత్రి 9:30)

అందరికీ కృతజ్ఞతలు. నాకు వచ్చిన జ్వరం నెయ్‌జింగ్ చెప్పినట్లు వేళకు రాలేదు, మూడు రోజులు తెరిపి ఇవ్వకుండా కాసింది. పాత స్లైడు గారు ఫాల్సిపారం గురించి రాసింది చదివాక ఎందుకో అర్థమైంది. చివరిగా ఒకటి అడుగుతాను. మా పాఠశాలలో ఒక పిల్లవాడికి వైవాక్స్ వచ్చి తగ్గింది, మూడు నెలలకు మళ్ళీ వచ్చింది. కొత్తగా దోమ కుట్టకపోయినా ఇలా వస్తుందని ఏఎన్‌ఎం గారు అన్నారు. దీనిని చైనా వైద్యులు ఎలా వివరించారు?

యునాన్ వైద్యుడు (బుధవారం, రాత్రి 10:50)

రెండు రకాలుగా. బాగా నీరసించిన ఒంట్లో కొద్దిపాటి శ్రమకే తిరగబెట్టే జ్వరాన్ని ‘అలసట చలిజ్వరం’ అన్నారు. రక్తాన్నీ శక్తినీ పెంచే మూలికలు దానికి చికిత్స. ఇంకొకటి ‘దాగిన దోషం’ అనే భావన: వెళ్ళిపోయిందనుకొన్నది నిజానికి వెళ్ళలేదు, లోపల పొంచి ఉంది. వైవాక్స్ పరాన్నజీవులు కొన్ని కాలేయంలో నెలల తరబడి నిద్రపోతాయి కాబట్టి, ఆధునిక చైనా వైద్యులు కొందరు ఈ రెండింటినీ ముడిపెట్టి సంబరపడతారు. సందేహి గారు ఒప్పుకోరని తెలుసు. దాగిన దోషం అన్న మాటను వాళ్ళు ఇతర జ్వరాలకు కూడా వాడారు కాబట్టి నేనూ పూర్తిగా ఒప్పుకోను. అయితే ఈనాటి చైనా భాషలో వైవాక్స్‌ను పిలిచేది ‘రోజు విడిచి రోజు న్యుయె’ అనే, మలేరియేను ‘మూడు రోజుల న్యుయె’ అనే. కారణం మారిపోయినా పాత పేర్లు అలాగే నిలిచాయి.

2021 జూన్ 30న చైనాలో మలేరియా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. 1940లలో అక్కడ ఏడాదికి మూడు కోట్ల మందికి వచ్చేదట.

పాత స్లైడు (గురువారం, ఉదయం 6:05)

పంతులు గారూ, కాలేయంలో నిద్రపోయేవాటి మీద ఆర్టిసునేట్ గాని క్లోరోక్విన్ గాని పనిచేయవు. అందుకే వైవాక్స్‌కు ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. జ్వరం తగ్గగానే నాలుగో రోజున మానేసే పిల్లలే మూడు నెలలకు మళ్ళీ వస్తారు. ఆ పిల్లవాడు పోయినసారి ఎన్ని రోజులు మింగాడో ముందు కనుక్కోండి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారికి ఆ మాత్ర రక్తకణాలను పగలగొడుతుంది, గిరిజన ప్రాంతాలలో ఆ లోపం కొంత ఎక్కువగానే చూశాం. పరీక్ష చేయించమని ఏఎన్‌ఎం గారిని అడగండి. మాత్రలు మొదలుపెట్టాక మూత్రం కాఫీ రంగులోకి మారితే మాత్ర ఆపేసి, ఆ రోజే ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళండి.

పాడేరు పంతులు (గురువారం, రాత్రి 8:20)

అడిగాను మాస్టారూ. అయిదు రోజులు మింగాడట. మిగిలిన తొమ్మిది మాత్రలు పెట్టె అడుగున అలాగే ఉన్నాయి.